సెల్ఫ్ బరువుగా తిరుగుతోందా? బ్యాటరీ కొనే ముందు మీటరు పెట్టి చూడండి

పొద్దున తాళం తిప్పగానే సెల్ఫ్ బరువుగా మూలిగితే చుట్టుపక్కల అందరూ చెప్పేది ఒకటే మాట: "బ్యాటరీ పోయింది, మార్పించెయ్యండి." చాలాసార్లు అది నిజమే. కానీ వదులైన టెర్మినల్, తుప్పు పట్టిన ఎర్త్ వైరు, సరిగ్గా ఛార్జ్ చేయని ఆల్టర్నేటర్, లోపల అరిగిపోయిన సెల్ఫ్ మోటారు కూడా బయటికి అచ్చం అలాగే కనిపిస్తాయి. అసలు తప్పు వాటిలో ఉంటే, కొత్త బ్యాటరీ వేశాక కొన్నాళ్లు బండి చక్కగా స్టార్ట్ అయి మళ్లీ మొదటికొస్తుంది. అప్పటికి ఆ కొత్త బ్యాటరీ కూడా సగం దెబ్బతిని ఉంటుంది.

అందుకని ముందు కొలవాలి, తర్వాతే కొనాలి. కొలవడానికి కావలసినవి మామూలు డిజిటల్ మల్టీమీటరు ఒకటి, 10 నంబరు స్పానరు ఒకటి, తాళం తిప్పడానికి ఇంకో మనిషి. మల్టీమీటరు ఆన్‌లైన్‌లో గానీ ఎలక్ట్రికల్ షాపులో గానీ కొన్ని వందలకే దొరుకుతుంది. ఖరీదైనది అక్కర్లేదు. డీసీ 20 వోల్టుల దగ్గర నాబ్ పెట్టుకుంటే చాలు.

ముందు చెవితో వినండి

మీటరు తీసే ముందే శబ్దం చాలా సంగతి చెప్పేస్తుంది. తాళం తిప్పితే టకటకటకమని వేగంగా కొట్టుకుంటోందంటే సెల్ఫ్ మోటారు మీదుండే సొలెనాయిడ్ అనే స్విచ్చు అంటుకుంటోంది, వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయి వదిలేస్తోంది, మళ్లీ అంటుకుంటోంది. బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, లేదా టెర్మినల్ దగ్గర కాంటాక్ట్ సరిగ్గా లేకపోయి ఉండాలి. అలా కాకుండా 'టక్' అని ఒక్కసారే కొట్టి ఊరుకుంటే, అప్పుడు లైట్లు కూడా మసకబారకపోతే, అనుమానం సొలెనాయిడ్ లోపలి కాంటాక్టుల మీదకీ మోటారు కార్బన్ బ్రష్‌ల మీదకీ పోవాలి. అసలు ఏ శబ్దమూ లేకపోతే ముందు చిన్న విషయాలు చూడండి: ఆటోమేటిక్ బండి అయితే గేర్ లివర్ పార్క్‌లో గానీ న్యూట్రల్‌లో గానీ ఉందా, మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా తొక్కారా, స్టార్టర్ రిలే, ఫ్యూజు బాగున్నాయా.

సెల్ఫ్ జోరుగా, ఎప్పటిలాగే తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే బ్యాటరీ షాపుకి వెళ్లే పనే లేదు. ఆ దారి వేరు, దాని సంగతి కింద చెప్తాను.

ఒక చిన్న పరీక్ష. హెడ్‌లైట్లు వేసి గోడ మీద వెలుగు చూస్తూ తాళం తిప్పించండి. వెలుగు పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీలో బలం లేదు, లేదా టెర్మినల్ పట్టు లేదు. వెలుగు కొంచెం మాత్రమే తగ్గి సెల్ఫ్ బరువుగా తిరిగితే కేబుళ్లనీ మోటారునీ అనుమానించాలి. వెలుగు ఏమాత్రం తగ్గకపోతే కరెంటు సెల్ఫ్ మోటారు దాకా పోవడమే లేదు. స్టార్ట్ చేసేటప్పుడు హెడ్‌లైట్లు వాటంతటవే ఆగిపోయే బండ్లలో ఇది కుదరదు, లోపలి లైటుతో చూసుకోవచ్చు.

మూడు రీడింగులు

మొదటిది, బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక పొద్దున్నే తీసే రీడింగు. ఇంజిన్ ఆపిన వెంటనే కొలిస్తే ప్లేట్ల పైపైన ఉన్న ఛార్జ్ వల్ల 12.9, 13 అని చూపించి మోసం చేస్తుంది. రాత్రంతా ఆగే వీలు లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, ఐదు నిమిషాలు ఆగి కొలవండి. మీటరు ఎర్ర ప్రోబ్ ప్లస్ పోస్టు (బ్యాటరీ పైకి పొడుచుకొచ్చే సీసపు గుండు) మీద, నల్లది మైనస్ పోస్టు మీద పెట్టాలి. పోస్టు మీదే సుమా, దాని చుట్టూ బిగించిన క్లాంపు మీద కాదు. ఈ తేడా ఎందుకో తర్వాత తెలుస్తుంది.

12.6 లేదా ఆపైన ఉంటే ఫుల్ ఛార్జ్. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతు మిగిలింది. 11.8 దగ్గరకొస్తే ఖాళీ అయినట్టే. ఇవి మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ లెక్కలు. ఏజీఎం (యాసిడ్‌ని గాజు పోగుల పొర పట్టి ఉంచే రకం) అయితే ప్రతి మెట్టులో పాయింటో రెండో ఎక్కువ ఉంటుంది. రాత్రంతా ఛార్జర్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్‌లలో ఒకటి షార్ట్ అయిందని అర్థం. ఒక్కో సెల్ 2.1 వోల్టులు కాబట్టి సరిగ్గా అంతే తగ్గుతుంది. ఆ బ్యాటరీకి ఇక మందు లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఖాళీ అయిన బ్యాటరీ వేరు, చచ్చిపోయిన బ్యాటరీ వేరు. 12.0 చూపించింది కదా అని మార్చేయకండి. ముందు బయటి ఛార్జర్‌తో ఫుల్ ఛార్జ్ చేయించండి. కెపాసిటీలో పదో వంతు కరెంటు, అంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి మూడున్నర ఆంపియర్లు, పది పన్నెండు గంటలు. రాత్రి లోపలి లైటు ఆన్‌లో మర్చిపోయిన బండి బ్యాటరీ, అందులోనూ వయసు ఏడాదో ఏడాదిన్నరో అయితే, ఈ ఒక్క ఛార్జితో మామూలుగా అయిపోవచ్చు. తోసి స్టార్ట్ చేసి, "ఊళ్లో ఒక రౌండు కొడితే అదే ఎక్కుతుంది" అనుకోవడం పొరపాటు. ఆల్టర్నేటర్ ఉన్నది వాడిన కరెంటుని తిరిగి నింపడానికి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని అరగంటలో అది నింపలేదు, సగం ఛార్జ్‌తో నడుస్తున్నన్నాళ్లూ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతూనే ఉంటుంది.

రెండోది, సెల్ఫ్ కొట్టేటప్పుడు తీసే రీడింగు. ప్రోబులు అక్కడే ఉంచి తాళం తిప్పించండి. ఇంజిన్ వెంటనే అందుకుంటే రీడింగు చూసే టైము ఉండదు. కాబట్టి పెట్రోల్ బండిలో ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి ఐదారు సెకన్లు కొట్టించండి. అంతకు మించి వద్దు, మోటారు వేడెక్కుతుంది. రెండోసారి కొట్టాలంటే ఒక నిమిషం ఆగాలి. చవక మీటర్లు నెమ్మదిగా స్పందిస్తాయి, మొదటి క్షణంలో పడే లోతుని పట్టలేవు. అది ఫర్వాలేదు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు నిలకడగా కనిపించే అంకె చాలు.

ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీ 10 పైన నిలబడితే బాగున్నట్టు. 9.6 నుంచి 10 మధ్య ఉంటే వయసైపోతోంది. 9.6 కంటే కిందికి పడి సెల్ఫ్ కూడా ఈడుస్తుంటే దాదాపు తేలిపోయినట్టే. దాదాపు అని ఎందుకన్నానంటే, పాడైన సెల్ఫ్ మోటారు మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగినా వోల్టేజీ ఇలాగే పడిపోతుంది. తేల్చుకోవాలంటే ఇంకో బండి నుంచి మంచి జంపర్ కేబుళ్లు వేసి చూడండి. జంప్‌తో సెల్ఫ్ చురుగ్గా తిరిగితే తప్పు మీ బ్యాటరీదే. మంచి బ్యాటరీ పక్కనున్నా బరువుగానే తిరిగి, కేబుళ్లు కూడా వేడెక్కితే తప్పు మోటారుది. వోల్టేజీ 11.5 పైనే నిలబడి కూడా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీకి క్లీన్ చిట్. దారిలో ఎక్కడో కరెంటు ఆగిపోతోంది.

ఈ రీడింగుకి ఇంకో విలువ కూడా ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ మరీ కిందికి పడితే ఇంజిన్ కంప్యూటరు రీసెట్ అవుతుంది. అప్పుడు సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, స్పార్కూ ఇంజెక్షనూ ఉండవు, మీటర్ బోర్డులో నానా రకాల లైట్లు వెలుగుతాయి. కామన్ రెయిల్ డీజిల్ బండ్లలో అయితే తగినంత వేగంగా ఇంజిన్ తిరగకపోతే రెయిల్‌లో ప్రెషర్ లేవదు, ఇంజెక్టర్లు తెరుచుకోవు. ఇవి చూసి సెన్సార్లు మార్చుకుంటూ పోయేవాళ్లున్నారు. ఇంజిన్ కంప్యూటరులోని తప్పులు చదివే స్కానర్ పెట్టే ముందు వోల్టేజీ చూడండి.

మూడోది, ఇంజిన్ నడుస్తుండగా తీసేది. ఐడిల్‌లో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు ఫుల్, వెనక అద్దం డీఫాగరు అన్నీ వేసి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే 13.5 కంటే తగ్గకూడదు. మే నెల మధ్యాహ్నం బోనెట్ కింద కాలిపోతున్నప్పుడు 13.6 చూపిస్తే భయపడకండి, ఛార్జింగ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ వేడికి వోల్టేజీ తగ్గించడం మామూలే. 13 లోపే ఉంటే బెల్టు వదులుగా ఉందేమో చూసి, ఆల్టర్నేటర్ బ్రష్‌లూ రెగ్యులేటరూ చూపించాలి. అదే పనిగా 15 దాటుతుంటే రెగ్యులేటర్ పోయింది. అది బ్యాటరీని ఉడకబెడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన, పైన తడి, మాటిమాటికీ నీళ్లు తగ్గడం దాని గుర్తులు. మైలేజీ కోసం ఛార్జింగ్‌ని కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉండే కొత్త బండ్లలో మాత్రం ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. వాటిలో 12.7 నుంచి 15 దాకా అటూ ఇటూ తిరగడం సహజం. అన్ని లోడ్లూ వేసినప్పుడు పెరుగుతోందా లేదా అన్నది చూడాలి.

మీటరుని ఏసీ వోల్టుల మీదకు మార్చి అదే చోట ఒకసారి చూడండి. అర వోల్టు దాటి కనిపిస్తే ఆల్టర్నేటర్‌లో కరెంటుని ఒక వైపే పోనిచ్చే డయోడ్ దెబ్బతిని ఉండొచ్చు. అలాంటి డయోడ్ పగలు ఛార్జింగ్ తగ్గించడమే కాదు, రాత్రంతా బ్యాటరీని వెనక్కి తాగుతుంది కూడా.

కరెంటు ఎక్కడ ఆగిపోతోంది

చిన్న పెట్రోల్ ఇంజిన్‌ని తిప్పడానికే సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లు దాటి లాగుతుంది, డీజిల్ అయితే రెండు మూడు వందలు. అంత కరెంటు పోయే దారిలో ఒక ఓమ్‌లో వందో వంతు అడ్డున్నా వంద ఆంపియర్లకి ఒక వోల్టు అక్కడే మాయమైపోతుంది. ఇంత చిన్న అడ్డు మీటరులో ఓమ్స్ పెట్టి కొలిస్తే కనపడదు. కరెంటు పారుతుండగా వోల్టేజీ ఎంత పడుతోందో చూడాలి.

ఎర్ర ప్రోబ్ ప్లస్ పోస్టు మీద, నల్ల ప్రోబ్ దానికే బిగించిన క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. 0.1 దాటితే ఆ జాయింటు మురికిగానో వదులుగానో ఉంది. మైనస్ వైపూ అలాగే చూడండి. పోస్టు మీదా క్లాంపు మీదా వేరువేరుగా కొలవమన్నది ఇందుకే. తర్వాత మైనస్ పోస్టు నుంచి ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని బోల్టుకి: 0.2 దాటకూడదు. ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు మీద లావు కేబుల్ దిగే నట్టుకి: 0.5 లోపల ఉండాలి.

మన దగ్గర దొరికిపోయేది ఎక్కువగా ఎర్త్ వైపే. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒక వైరు, బాడీ నుంచి ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో ఇంకోటి ఉంటాయి. ఆ రెండోది వర్షం నీళ్లూ బురదా తగిలే చోట ఉంటుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దాని కొన దగ్గర ఆకుపచ్చ పొడి పేరుకుని లోపల రాగి పోగులు తెగిపోయి ఉంటాయి, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరదు. బోల్టు విప్పి, కింద రంగూ తుప్పూ పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తే సగం బండ్లలో అక్కడితో పని అయిపోయినట్టే. ఇంకా అనుమానంగా ఉంటే జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్ లోహానికి పెట్టి సెల్ఫ్ కొట్టండి. తేడా వెంటనే తెలిసిపోతుంది.

టెర్మినల్ మీద తెల్లటి, నీలపు పొడి ఉంటే చేత్తో తుడవకండి, అది యాసిడ్ ఉప్పు. రెండు క్లాంపులూ తీసి, వేడి నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో కడగండి. బుసబుసమని నురగ రావడం ఆగేదాకా. మూతలున్న బ్యాటరీ అయితే ఆ నీళ్లు సెల్‌లలోకి పోకుండా చూసుకోండి. ఆరాక పోస్టుని, క్లాంపు లోపలి వైపుని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించిన తర్వాత పైన వాజలిన్ పూయండి. పూసి బిగించడం కాదు, బిగించి పూయడం. పొడి మళ్లీ మళ్లీ ప్లస్ పోస్టు దగ్గరే వస్తుంటే ఆ పోస్టు సీలు లీకవుతోంది, లేదా ఛార్జింగ్ ఎక్కువవుతోంది.

రెండు రోజులు ఆపితే డౌన్ అవుతుంటే

బ్యాటరీ, ఛార్జింగ్ రెండూ బాగున్నా, బండి ఆపి ఉంచితే చాలు డౌన్ అవుతుంటే ఏదో వస్తువు రాత్రంతా కరెంటు తాగుతోంది. తాళం వేశాక ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట లోపు బండిలో కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి. అప్పుడు మిగిలే వాడకం 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. ఆ లెక్కన రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగానికి రావడానికి రెండు వారాలు పడుతుంది. అదే అర ఆంపియరు లీకవుతుంటే రోజుకి 12 పోతాయి, రెండో రోజుకే సెల్ఫ్ తీసుకోదు.

మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మైనస్ క్లాంపు తీసి, క్లాంపుకీ పోస్టుకీ మధ్య కలిపితే ఈ కరెంటు కనపడుతుంది. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పకూడదు, డోరు తెరవకూడదు. మీటరు లోపలి ఫ్యూజు కాలిపోతుంది. డోరు ముందే తెరిచి ఉంచి లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి తోసేస్తే ఫ్యూజులు అందుబాటులో ఉంటాయి, బండి మాత్రం డోరు మూసే ఉందనుకుంటుంది. ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నట్టు. ఫ్యాక్టరీ వైరింగు కంటే ముందు తర్వాత బయట వేయించినవి చూడండి: పార్కింగ్ మోడ్‌లో నడిచే డాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకరు, ఆండ్రాయిడ్ స్టీరియో, యాంప్లిఫయరు, బయట బిగించిన సెంట్రల్ లాకు. స్టీరియోకి తాళంతో ఆగే వైరు బదులు నేరుగా బ్యాటరీ వైరు కలిపేయడం తరచుగా జరిగే తప్పు.

నెలల తరబడి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఉండే బండ్లకి "వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్" అని సలహా ఇస్తుంటారు. ఐడిల్‌లో ఐదు నిమిషాల్లో ఎక్కేది చాలా కొద్ది, ఏసీ కూడా వేస్తే ఎక్కేది దాదాపు ఏమీ ఉండదు. అరగంట, ముప్పావు గంట రోడ్డు మీద నడపాలి. ఆ వీలు లేకపోతే మైనస్ క్లాంపు తీసి ఉంచడమే మేలు.

సెల్ఫ్ బాగానే తిరిగి ఇంజిన్ అందుకోకపోతే

దీన్ని క్లుప్తంగా చెప్తాను. పెట్రోల్ బండిలో తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆపండి, ఇలా మూడుసార్లు చేసి నాలుగోసారి సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే రాత్రి ఫ్యూయల్ లైన్లో ప్రెషర్ దిగిపోతోంది: పంపులోని వన్‌వే వాల్వు, లేదా కారుతున్న ఇంజెక్టరు. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయి, వేడి మీద ఆపి పది నిమిషాల తర్వాత మొరాయిస్తుంటే క్రాంక్ సెన్సారునీ కూలెంట్ టెంపరేచర్ సెన్సారునీ చూపించండి. తాళం బొమ్మ లైటు మినుకుమినుకుమంటుంటే ఇమ్మొబిలైజరు తాళాన్ని గుర్తుపట్టడం లేదు, రెండో తాళంతో ప్రయత్నించండి. సీఎన్‌జీ బండ్లు చాలావరకు పెట్రోల్ మీదే స్టార్ట్ అవుతాయి. ట్యాంకు అడుగున నెలల నాటి పెట్రోల్ నాలుగు చుక్కలు ఉంచుకుని తిరిగితే పంపు ఎండిపోయి పాడవుతుంది. డీజిల్‌లో అయితే హీటర్ ప్లగ్గులు, ఫిల్టర్ దగ్గర గాలి పీల్చడం చూపించుకోవాలి.

కొనేటప్పుడు

బ్యాటరీయే పోయిందని తేలింది. ఇప్పుడు షాపులో "35 ఆంపియర్ది ఇవ్వండి" అని అడిగితే సరిపోదు. పాత బ్యాటరీ లేబుల్ మీది కోడ్ ఫోటో తీసుకెళ్లండి, పాతదే తప్పు సైజు వేసి ఉండొచ్చు కాబట్టి బండి మాన్యువల్ కూడా చూడండి. ఒకే మోడల్ కారుకి పెట్రోల్‌లో ఒక సైజు, డీజిల్‌లో ఇంకో సైజు ఉంటాయి.

ఉదాహరణకి చిన్న కార్లలో చాలావాటికి వచ్చే 38బి20ఎల్ అన్న కోడ్ చూద్దాం. 38 అన్నది ఆంపియర్ అవర్లు కాదు, ఎంత పనిచేస్తుందో చెప్పే జపాన్ ర్యాంకు. దాని మీద కెపాసిటీ 35 అని విడిగా రాసి ఉంటుంది. బి అన్నది పక్క వైపు వెడల్పూ ఎత్తూ. 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. ఎల్ అంటే పోస్టులు మీ వైపు ఉండేలా పెట్టుకుని చూస్తే మైనస్ ఎడమన, ప్లస్ కుడిన. ఆర్ అయితే తారుమారు. ఆర్ తెచ్చి ఎల్ స్థానంలో పెడితే ప్లస్ కేబుల్ అందదు. లాగి అందించబోయి తప్పు పోస్టుకి తగిలిస్తే మెయిన్ ఫ్యూజూ ఆల్టర్నేటర్ డయోడ్లూ పోతాయి. ఈ బి సైజువాటికి పోస్టులు సన్నవి, డి సైజుకీ డిన్ బ్యాటరీలకీ లావువి. సన్న పోస్టుకి లావు క్లాంపు వేసి మధ్యలో రేకు ముక్క కూరడం చూస్తుంటాం. అలా చేయనివ్వకండి, పైన చెప్పిన వోల్టేజీ డ్రాప్ సరిగ్గా అక్కడే పుడుతుంది.

డిన్ 44, డిన్ 60, డిన్ 74 అనేవి యూరప్ కొలతలు. వీటి పోస్టులు పై అంచు కంటే పైకి రావు, పట్టీ పైనుంచి కాకుండా అడుగున అంచుకి పడుతుంది. జపాన్ సైజు ఉండే చోట డిన్, డిన్ ఉండే చోట జపాన్ సైజు సర్దించడం వద్దు. ఎత్తు ఎక్కువై ప్లస్ పోస్టు బోనెట్ రేకుకి తగిలితే నిప్పే.

కెపాసిటీ కొంచెం ఎక్కువది వేస్తే ఆల్టర్నేటర్ పాడవుతుందన్న భయం అక్కర్లేదు. ట్రేలో పట్టి, పట్టీ బిగిసి, కేబుళ్లు అందితే అదే రకం సైజుల్లో 35 స్థానంలో 45 వేయొచ్చు. కానీ తప్పు వేరే చోట ఉన్న బండికి పెద్ద బ్యాటరీ వేస్తే డౌన్ అవడం రెండు రోజులు వాయిదా పడుతుంది, అంతకు మించి లాభం లేదు. కంపెనీ చెప్పినదానికంటే తక్కువది మాత్రం ఎప్పుడూ వద్దు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే స్టార్ట్-స్టాప్ బండి అయితే ఈఎఫ్‌బీ (మామూలు బ్యాటరీనే గట్టిపరిచిన రకం) గానీ ఏజీఎం గానీ వచ్చి ఉంటుంది. ఈఎఫ్‌బీ ఉన్నచోట ఈఎఫ్‌బీయో ఏజీఎమ్మో, ఏజీఎం ఉన్నచోట ఏజీఎం మాత్రమే. వెయ్యి రెండు వేలు మిగులుతాయని మామూలుది వేస్తే అది త్వరగా చస్తుంది. కొన్ని జర్మన్ కార్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానర్‌తో నమోదు కూడా చేయాలి, లేకపోతే కంప్యూటరు పాతదనుకుని ఛార్జ్ చేస్తుంది.

సీసీఏ అంకె గురించి షాపుల్లో గొప్పగా చెప్తారు. అది సున్నాకి 18 డిగ్రీల కింద చలిలో 30 సెకన్లు బ్యాటరీ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్న కొలత. మనకి ఆ చలి లేదు. మనకున్నది రెంటచింతల, రామగుండం ఎండ. వేడి పెరిగేకొద్దీ లోపల ప్లేట్ల జాలీ తుప్పు పడుతుంది, నీరు ఆవిరవుతుంది. ఉజ్జాయింపుగా 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సగమవుతుంది. ఆదిలాబాద్ చలిలో డిసెంబరులో సెల్ఫ్ తీసుకోని బ్యాటరీ అసలు దెబ్బతిన్నది మే నెలలోనే. కాబట్టి రెండు బ్యాటరీల మధ్య సీసీఏ ఇరవై ముప్పై తేడా చూసి తలబద్దలు కొట్టుకోకండి. పాత బ్యాటరీ మీద ఉన్న వేడి ఆపే తొడుగుని మాత్రం పారేయకుండా కొత్తదానికి వేయించండి. అది అలంకారం కాదు. సీసీఏ పనికొచ్చేది పరీక్షలో. డిజిటల్ టెస్టర్‌లో లేబుల్ మీది స్టాండర్డూ అంకే సరిగ్గా పెట్టి చూడమనండి. 300 ఉండాల్సినచోట 180 చూపిస్తే మార్చే టైమొచ్చింది. ఎస్‌ఏఈ (అమెరికా స్టాండర్డు) అంకెని డిన్‌లో పెట్టి చూస్తే ఫలితం పూర్తిగా తప్పు వస్తుంది.

బ్రాండు విషయంలో పెద్ద పట్టింపు అక్కర్లేదు. తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా, మీ ఊళ్లో వారంటీ క్లెయిమ్ నేరుగా తీసుకునే డీలర్ ఎవరికి ఉన్నారో చూసుకోండి. వారంటీలో 24 ప్లస్ 24 అని ఉంటే మొదటి 24 నెలలు పాడైతే ఉచితంగా కొత్తది ఇస్తారు, తర్వాతి 24 నెలలు కొత్తదాని ధర మీద కొంత శాతం తగ్గింపు మాత్రమే. "48 నెలల వారంటీ" అన్న మాటలో ఇది ఉండదు, అడిగి తెలుసుకోవాలి. ట్యాక్సీ ప్లేటుకి గడువు తక్కువ.

తయారైన నెల అడగండి. షెల్ఫ్ మీదున్నా బ్యాటరీ తనంతట తాను దిగిపోతూనే ఉంటుంది, ఎండ తగిలే షాపులో ఇంకా వేగంగా. మూడు నెలల లోపుది తీసుకోండి. బిల్లు కొట్టే ముందు మీటరు పెట్టించండి. 12.5 కంటే తక్కువ చూపిస్తే ఇంకోటి తీయమనండి. రీకండిషన్ చేసినవి సగం ధరకి వస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ కారుకి పనికిరాదు, కారుది ఇన్వర్టర్‌కి పనికిరాదు. కారుది పల్చటి ప్లేట్లతో క్షణాల్లో వందల ఆంపియర్లు ఇవ్వడానికి, ఇన్వర్టర్‌ది మందపాటి ప్లేట్లతో గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వడానికి. పాత బ్యాటరీ ఇచ్చేస్తే బిల్లులో తగ్గుతుంది. 2022 బ్యాటరీ వేస్ట్ నిబంధనల ప్రకారం అది సీసం కరిగించే అధీకృత యూనిట్‌కే చేరాలి, కాబట్టి పాత సామాన్ల బండికి వేయకండి.

బిగించేటప్పుడు

తీసేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు చివర మైనస్. మైనస్ బాడీకి కలిసి ఉండగా ప్లస్ నట్టు విప్పుతున్న స్పానరు బాడీకి తగిలితే బ్యాటరీ షార్ట్ అవుతుంది. ట్రే కింద యాసిడ్ మరకలుంటే సోడా నీళ్లతో కడిగి ఆరనివ్వండి. పట్టీ గట్టిగా బిగించాలి, అలాగని బాక్సు వంగేలా కాదు. గతుకుల్లో కదిలే బ్యాటరీలో ప్లేట్ల మీది మందు రాలిపోతుంది. క్లాంపుని పోస్టు అడుగుదాకా దించి బిగించి, చేత్తో తిప్పి చూడండి, వెంట్రుకవాసి కూడా కదలకూడదు. సుత్తితో కొట్టి దించనివ్వద్దు. మైనస్ క్లాంపు మీద చిన్న సెన్సారు ఉన్న బండ్లలో దాన్ని లాగకండి, జంప్ ఇచ్చేటప్పుడు నల్ల కేబుల్ కూడా దానికి కాకుండా ఇంజిన్ లోహానికే పెట్టండి.

బిగించాక పవర్ విండో ఆటో పనిచేయకపోవచ్చు. ఒక్కో అద్దాన్నీ పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తి స్విచ్చిని రెండు మూడు సెకన్లు పట్టుకుంటే చాలా కార్లలో సర్దుకుంటుంది. ఐడిల్ కొంచెం అటూ ఇటూ అయితే కొన్ని కిలోమీటర్లు నడిపేసరికి కుదురుకుంటుంది.

మూడు రీడింగులూ అప్పుడే మళ్లీ తీసి తేదీతో సహా వారంటీ కార్డు వెనక రాసుకోండి. వారం తర్వాత ఒక పొద్దున, తాళం తిప్పకముందే మీటరు పెట్టండి. 12.5 పైన ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 12.3కి దిగిపోయి ఉంటే రాత్రి కరెంటు తాగే వస్తువు ఇంకా బండిలోనే ఉందని, లేదా ఛార్జింగ్ చాలడం లేదని అర్థం. డీలర్ దగ్గరకి కాకుండా ముందు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకి వెళ్లండి.